చేతిగంట మ్రోగించిన నిర్మాత

నాటకము చూచి యిలు సేరినవాఁడు నటుని తలఁచును, రచయితను తలఁచును. గదికి అద్దె చెల్లించి, అధికారులకు సమాధానము చెప్పి, ఇంకను వ్రాయుట ముగియని నాటకమునకు ముందుగనే తేదీ నిర్ణయించిన నిర్మాతను తలఁచుట అరుదు. ఆ వృత్తి యెంత ఘనమైనదో తెలియఁగోరువారికి నేను న్యూయార్కునందలి ఎలెన్ స్టూవర్టును చూపుదును.

దుస్తుల రూపకల్పనతో జీవనము గడపుచుండిన ఆ నల్లజాతి వనిత 1961లో ఈస్టు తొమ్మిదవ వీథిలో ఒక నేలమాళిగను అద్దెకు గైకొని, ఇరుగుపొరుగువారి యనుమానములను, నగరాధికారుల యాక్షేపణలను సహించుచు, తన కుట్టుపని సంపాదనయే మూలధనముగా ‘లా మామా’ అను రంగస్థలమును నెలకొల్పినది. పేరుపొందిన నాటకములకై ఆమె వెదకలేదు. పేరులేని రచయితకు వేదిక నిచ్చి, ఆఁకలిగొన్నచో అన్నము పెట్టి, ప్రేక్షకులు మెచ్చకున్నను మరల వ్రాయుమనెడిది. సామ్ షెపర్డ్, లాన్‌ఫర్డ్ విల్సన్ వంటివారి తొలినాళ్ళ రచనలు కొన్ని అచ్చట వెలుఁగు చూచినవి.

ప్రదర్శనకు ముందు ఆమె చేతిగంట మ్రోగించి ప్రేక్షకులను స్వాగతించెడిది. నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఆ గంటయే: అది యజమానురాలి యాజ్ఞ కాదు, వడ్డన సిద్ధమైనదని బంధువులను లోనికిఁ బిలుచు ఇల్లాలి పిలుపు. 1985లో లభించిన మెకార్థర్ పురస్కార ధనమును సైతము తనకై దాఁచుకొనక, ఇటలీలో స్పొలేటో చెంత నొక పురాతన మఠమును కొని, కళాకారులు నివసించి పనిచేసికొనుటకు సిద్ధపఱచినది. ఆమె 2011లో తనువు చాలించినది. తరువాతి కాలమున ఈస్టు నాలుగవ వీథికి మారిన ఆ రంగస్థలము మాత్రము క్రొత్తవారికై తలుపులు తెఱచియే యున్నది.