పాటలో ఎవరికీ నిద్ర రాదు

'లక్ష్య' సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా మా ఇళ్ళల్లో ఛానల్ మారదు. 2004లో వచ్చింది. ఫర్హాన్ అఖ్తర్ దర్శకుడు, హృతిక్ రోషన్ హీరో. ఏ లక్ష్యమూ లేని ఢిల్లీ కుర్రాడు కరణ్ షేర్‌గిల్ డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో చేరతాడు, పారిపోయి వస్తాడు, మళ్ళీ వెళ్తాడు, చివరికి కార్గిల్‌లో నిలబడతాడు. పోయిన సంక్రాంతికి పెద్దమ్మ వాళ్ళింట్లో అందరం కూర్చుని ఉంటే ఆ ట్రైనింగ్ పాట వచ్చింది. పక్కనే ఉన్న అన్న నవ్వాడు. "ఒరే, ఈ పాటలో ఒక్కడికీ నిద్ర రాదేంట్రా?"

అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. ఇంటర్ అయ్యాక ఒక అకాడమీలో చేరాడు. ఏ అకాడమీ అనేది ఇక్కడ అనవసరం. నాలుగో టర్మ్‌లో మోకాలి లిగమెంటు తెగి, ఆపరేషన్ అయ్యి, మెడికల్ బోర్డు పనికిరావని తేల్చాక ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. ఆ సినిమాని నేను పదిసార్లు చూసుంటాను. పాటలో నిద్ర లేదన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

అప్పట్నించీ నాకు ఈ ట్రైనింగ్ పాటల మీద అనుమానం మొదలైంది. డిగ్రీ చదివి నేరుగా వచ్చేవాళ్ళకి ఐఎంఏలో శిక్షణ ఏడాదిన్నర. ఎన్డీఏ దారిలో వచ్చేవాళ్ళకైతే ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, ఆర్మీకి వెళ్తే ఆ తర్వాత ఐఎంఏలో ఇంకో ఏడాది. పాటేమో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మొదటి చరణంలో గోడ ఎక్కలేనివాడు రెండో చరణం పూర్తయ్యేసరికి దూకేస్తాడు. సినిమా అన్నాక కాలాన్ని కుదించక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ కుదింపులో పోయింది కాలం ఒక్కటే కాదు, కష్టమే పోయింది.

అన్న చెప్పే రోజు వేరేలా ఉంటుంది. తెల్లారకముందే గడ్డం గీసుకుని, బూట్లు మెరిపించి, మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి వరసలో నిలబడాలి. పీటీ, డ్రిల్లు, ఆ తర్వాత క్లాసులు. అసలు నరకం క్లాసేనంటాడు. ఒళ్ళంతా హూనమై ఫ్యాన్ కింద కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి. దొరికితే క్లాసు వెనక నిలబెడతారు. నిలబడి కూడా నిద్రపోయేవాడట. సాయంత్రం ఆటలు, రాత్రి చదువు. మధ్యలో సీనియర్ల రగడా. రగడా అంటే శిక్ష పేరుతో ఒళ్ళు హూనం చేయడం: సిమెంటు రోడ్డు మీద ఫ్రంట్ రోల్స్, ఐదు నిమిషాల్లో ఒక యూనిఫాం విప్పి ఇంకోటి వేసుకు రావడం, రాగానే మళ్ళీ మొదటిది వేసుకు రమ్మనడం. ఒకడు తప్పు చేస్తే అందరూ దొర్లాలి. దానివల్ల ప్రాణస్నేహాలు పుట్టాయన్నాడు. ఆ ఒకడి మీద అసహ్యం కూడా పుట్టేదన్నాడు. మన సినిమాలు మొదటి సగమే చూపిస్తాయి.

"ఎంత దూరం పరిగెత్తామో గుర్తులేదురా. లైట్లు ఆర్పడానికి ఇంకెన్ని గంటలుందో లెక్కెట్టుకోవడం మాత్రం గుర్తుంది" అన్నాడు.

'లక్ష్య'కి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. హీరో పారిపోవడం మామూలు ధైర్యం కాదు, మన హీరోలు అకాడమీ గోడ దూకి ఇంటికి రారు. శిక్ష పడ్డాక కరణ్ తట్టుకోలేక వచ్చేస్తాడు. సినిమా మొత్తంలో నాకు నిజమనిపించే ఘట్టం అదే. కానీ వెంటనే కథ దాన్ని సిగ్గుపడాల్సిన పనిగా మార్చేస్తుంది. ప్రేమించిన అమ్మాయి రోమీ దూరమవుతుంది, ఆ అవమానంతో వెనక్కెళ్తాడు, పాట మొదలవుతుంది. వచ్చేయడం తప్పేనా అని సినిమా ఒక్క క్షణం కూడా ఆగి అడగదు. 2022లో మన తెలుగులో వచ్చిన 'మేజర్' ఆ మాత్రం సందేహం కూడా పెట్టుకోదు. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ 2008లో తాజ్ హోటల్‌లో ప్రాణమిచ్చాడని మనకు ముందే తెలుసు కాబట్టి, అకాడమీ రోజులు అక్కడికి తీసుకెళ్ళే మెట్లుగానే కనిపిస్తాయి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పుస్తకం మారియో వర్గాస్ యోసా తొలి నవల. 1963లో స్పానిష్‌లో వచ్చింది, ఇంగ్లిష్‌లో 'ది టైమ్ ఆఫ్ ది హీరో'. పెరూ రాజధాని లిమా దగ్గరి లియోన్సియో ప్రాడో మిలిటరీ స్కూల్లో జరిగే కథ. రచయిత అక్కడ చదివినవాడే. అది ఆఫీసర్ల అకాడమీ కాదు, టీనేజి పిల్లల బడి. అయినా బారక్‌ల వాసన అదే. కొత్తగా చేరినవాళ్ళని కుక్కలంటారు. పరీక్ష పేపరు దొంగతనం జరుగుతుంది, సెలవులు బందవుతాయి. బయటికెళ్ళే అవకాశం కోసం, అందరూ ఏడిపించే ఒక కుర్రాడు పేరు చెప్పేస్తాడు. తర్వాత ఫీల్డ్ ఎక్సర్‌సైజులో తూటా తగిలి చచ్చిపోతాడు. స్కూలు దాన్ని ప్రమాదమని మూసేస్తుంది. నిజం తేల్చాలన్న లెఫ్టినెంట్ గంబోవాకి బదిలీ అవుతుంది. క్రమశిక్షణని నిజంగా నమ్మిన ఆఫీసర్ ఆయనొక్కడే, దెబ్బ తిన్నదీ ఆయనే. పుస్తకం పూర్తయినా ఈ సంగతి మనసులోంచి పోదు.

ఇదే అసలైన పుస్తకం అనుకుని అన్నకిచ్చాను. నెల తర్వాత తిరిగిచ్చాడు. "రాత్రి కాపలా డ్యూటీలు బాగా రాశాడు. కానీ అంత ఘోరంగా ఏం లేదురా అక్కడ. నాకు అక్కడ ఉండాలనే ఉండేది."

ఆ మాట దగ్గర నా విమర్శకి బ్రేకు పడింది. అన్న ఇప్పటికీ ఎక్కడికైనా ఐదు నిమిషాల ముందే వస్తాడు. పాసింగ్ ఔట్ పరేడ్ వీడియోలు చూస్తాడు. నేనేమో ఆయన్ని మోసపోయినవాడిగా చదవాలనుకున్నాను. సినిమా వీరుణ్ణి చేస్తే నేను బాధితుణ్ణి చేశాను. రెండింట్లోనూ ఆయన లేడు.

ఎక్కడా లేకపోవడమన్నది కథల సమస్యే కాదు. శిక్షణలో గాయపడి అకాడమీల నుంచి బయటికొచ్చిన క్యాడెట్లు 1985 నుంచి దాదాపు 500 మంది ఉన్నారన్న పత్రికా కథనాన్ని చూసి, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. కమిషన్ రాకముందే గాయపడ్డారు కాబట్టి నిబంధనల ప్రకారం వాళ్ళు మాజీ సైనికులు కారు. అందేది వైకల్య పెన్షన్ కాదు, ఎక్స్‌గ్రేషియా. ట్రైనింగ్‌ని మన పాటలు ఎలా చూస్తాయో ఈ నిబంధనా అలాగే చూస్తుంది. చివరి పరేడ్‌లో ఆ గడప దాటినవాడికే, అంతకుముందు పడ్డ కష్టం లెక్కకొస్తుంది.

విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ఎన్డీఏకి వెళ్ళే పిల్లలున్నారు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ హైదరాబాద్ పక్కనే దుండిగల్లో ఉంది. 2025 మే నెలలో ఎన్డీఏ నుంచి తొలిసారిగా 17 మంది అమ్మాయిలు పాసయ్యారు. అయినా మన కథల్లో సైనికుడు ఎక్కువగా సెలవుకి ఊరొచ్చినప్పుడో, జెండా కప్పిన పెట్టెలో వచ్చినప్పుడో కనిపిస్తాడు. పద్దెనిమిదేళ్ళకి వెళ్ళి ఇరవై ఏళ్ళకి కుంటుతూ వచ్చి, ఆ చోటుని ఇంకా ప్రేమిస్తూ, ఆ చోటు తనని లెక్కలో వేసుకోలేదని తెలిసి బతికే మనిషి కథ ఎవరైనా రాయాలి. అందులో పాట లేకపోయినా పర్లేదు, ఒక మధ్యాహ్నం క్లాసు ఉండాలి.

సుప్రీంకోర్టు వార్త అన్నకి నేనే పంపాను. బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నాడు. వారం తర్వాత ఫోన్ చేసి, పెద్దమ్మ అటక మీద దాచిన మెడికల్ బోర్డు కాగితాలు కిందికి దించాలి, నిచ్చెన ఎక్కడానికి మోకాలు సహకరించట్లేదు, ఈ ఆదివారం రాగలవా అని అడిగాడు.