కవాతు పాట - కర్తృత్వ సమస్య: ‘లోయల మీదుగా, కొండల మీదుగా’

రష్యన్ అంతర్యుద్ధ కాలపు పాటల్లో ‘లోయల మీదుగా, కొండల మీదుగా’ ఎర్రసేన పాటగా, ముఖ్యంగా దూరప్రాచ్యపు గెరిల్లా దళాల పాటగా ప్రసిద్ధం. అయితే 1919లో శ్వేతసేనకు చెందిన ద్రోజ్‌దోవ్‌స్కీ దళం తన కవాతు పాటను పాడుకొన్నదీ ఈ బాణీలోనే. అంతకుముందే, 1915లో, సైబీరియా రైఫిల్ దళాలపై వ్లదీమిర్ గిల్యరోవ్‌స్కీ రాసిన గేయం వెలువడింది. పరస్పరం చంపుకొన్న రెండు సేనలూ ఒకే వరుసకు అడుగు వేశాయన్నమాట.

ఎవరు ఎవరిని అనుకరించారన్న విషయం చుట్టూనే ఈ పాటపై చర్చ ఎక్కువగా సాగింది. ఆ ప్రశ్న అవసరమే. కాని మూడు పాఠాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే వాటిలో స్థిరంగా నిలిచింది ‘దారి’ అని తెలుస్తుంది. ఎక్కడ బయలుదేరారు, ఎటు సాగారు అన్న చట్రంలో స్థలనామాలు మారుతుంటాయి. గిల్యరోవ్‌స్కీ పాఠంలో సైబీరియా అడవి, ద్రోజ్‌దోవ్‌స్కీ పాఠంలో రుమేనియా (1918లో ఆ దళం యాసీ నుంచి డాన్ ప్రాంతం దాకా నడిచింది), ఎర్ర పాఠంలో పసిఫిక్ తీరం వస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో యుగోస్లావ్ గెరిల్లాలు ఇదే బాణీకి తమ అడవులను, కొండలను చేర్చుకొన్నారు.

కాలనిర్ణయానికీ ఈ స్థలనామాలే అంతస్సాక్ష్యం. ఎర్ర పాఠం పేర్కొనే వొలొచాయెవ్‌కా పోరు 1922 ఫిబ్రవరిలో, స్పాస్క్ పోరు అదే సంవత్సరం అక్టోబరులో జరిగాయి. పూర్వరూపం ఏదైనా ఉంటే ఉండవచ్చు గాని, నేడు పాడుతున్న రూపం 1922 శరత్తుకు ముందుది కాజాలదు. అంటే శ్వేతసేన పాఠం కన్నా ఇది తర్వాతిదే.

పద్యకర్త ప్యోత్ర్ పార్ఫ్యోనోవ్ దూరప్రాచ్యపు పోరాటంలో పాల్గొన్నవాడు. 1929లో సెర్గేయ్ అలీమోవ్ సవరించిన పాఠం, అలెక్సాంద్రోవ్ స్వరకూర్పుతో, ఎర్రసేన గాయకబృందం ద్వారా దేశమంతటా వ్యాపించింది. పాడి వినిపించిన అతూరోవ్ పేరు బాణీకర్త స్థానంలో చేరింది. తన కర్తృత్వం కోసం వాదించిన పార్ఫ్యోనోవ్‌ను 1937లో కాల్చిచంపారు. పాట మాత్రం సేన నోట ఆగలేదు.

జానపదానికి కర్త ఉండడు గనుక ఈ వివాదమే అనవసరమని తేల్చివేయడం సులభం. బాణీ విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది, పద్యం విషయంలో చెల్లదు. పార్ఫ్యోనోవ్ పేరును జనం నోళ్లు మరిపించలేదు. ప్రభుత్వ గాయకబృందపు సవరణ, అచ్చయిన పుటలు, చివరికి మరణశిక్ష దాన్ని తొలగించాయి. అలీమోవ్ పేరు పక్కన ఆ పేరు తిరిగి కనిపించింది ఆయన మరణానంతరమే.