తెర లేని కెమెరా

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు తుమ్మచెట్ల మీద గూళ్ళు పెడతాయి. గట్టు మీద నిలబడితే చాలు, దగ్గరగానే కనిపిస్తాయి. కూర్చున్న పిట్టను ఏ కెమెరా అయినా తీస్తుంది. అంత భారీ పిట్ట రెక్క విప్పి కొమ్మ వదిలేటప్పుడు మాత్రం కెమెరా పనితనం బయటపడుతుంది. నికాన్ జెడ్8ను అక్కడ వాడి చూస్తే నచ్చింది సరిగ్గా ఈ విషయంలోనే.

2023 మేలో వచ్చిన ఈ కెమెరా సెన్సర్ 45.7 మెగాపిక్సెల్స్‌ది. ఆ అంకె కొత్తదేమీ కాదు, 2017 నాటి నికాన్ డీ850లోనూ అంతే. మారింది ఆ పిక్సెల్స్‌ను చదివే వేగం.

సెన్సర్ దృశ్యాన్ని వరసల వారీగా చదువుతుంది. పిక్సెల్స్ పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. షట్టర్ తెర సాయం లేకుండా తీస్తే, చివరి వరసకు వచ్చేలోగా రెక్క జరిగిపోయి, ఫొటోలో వంకరగా పడుతుంది. జెడ్8లో ఈ చిక్కును మేడ మీద మేడ వేసినట్టు విప్పారు: ముందు వెలుగును పట్టే పొర, దాని వెనకే వేగంగా చదివే సర్క్యూట్ల పొర. ఫ్రేమంతా సెకనులో సుమారు 250వ వంతులో చదవడం అయిపోతుంది. ఆ ధీమాతోనే మెకానికల్ షట్టర్‌ను పూర్తిగా తీసేశారు.

ఫలితాలు చేతికి వెంటనే తెలుస్తాయి. చప్పుడు ఆపేసుకోవచ్చు, పిట్ట తల తిప్పదు. సెకనుకు 20 రా ఫైళ్ళు తీస్తున్నా వ్యూఫైండర్ నల్లబడదు, ఎందుకంటే కంటికి చూపే దృశ్యం, కార్డులోకి వెళ్ళే దృశ్యం వేర్వేరు దారుల్లో నడుస్తాయి. పక్షులకు ప్రత్యేకమైన ఫోకస్ పద్ధతి 2024 ఫిబ్రవరి ఫర్మ్‌వేర్‌తో చేరింది. ఇదే సెన్సర్ ఉన్న జెడ్9 బరువు 1340 గ్రాములైతే ఇది 910 గ్రాములే. గట్టు మీద గంటల తరబడి నిలబడేవాళ్ళకు ఆ తేడా భుజం చెబుతుంది.

మెగాపిక్సెల్స్ ఫలం ఇంటికొచ్చాక కనిపిస్తుంది. ఫ్రేమును డీఎక్స్ అనే చిన్న సైజుకు కత్తిరించినా ఇంకా 19 మెగాపిక్సెల్స్ మిగులుతాయి. గూడబాతు ముక్కు అంచున ఉండే మచ్చలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

అయితే మధ్యాహ్నం నీటి మీద వేడిగాలి ఆడుతుంటే ఏ సెన్సరూ ఏం చేయలేదు, ఆ వణుకునూ అంతే స్పష్టంగా పట్టి ఇస్తుంది. కాబట్టి ఉదయమే వెళ్ళాలి. కొనేవాళ్ళు డబ్బా మీది అంకె దగ్గరే ఆగకుండా, సెన్సర్ ఎంత వేగంగా చదువుతుందో కూడా అడగాలి.