కంఠమా? సంస్కారమా?

కంఠమాధుర్యమే గాయకునికి సర్వస్వమని లోకులు తలతురు. ఈ తలంపు ఎంతవరకు సమంజసమో తెలిసికొన గోరువారు 18వ శతాబ్దమున లండను నగరమున కీర్తి గాంచిన జాన్ బియర్డు చరిత్రమును పరిశీలింపవలెను. ఇతడు టెనరు, అనగా పురుషునికి సహజమైన కంఠములలో హెచ్చు స్థాయి గలవాడు.

ఆ కాలమున లండనులో ఇటాలియను ఆపెరాకు, అనగా ఆద్యంతము పాటగానే నడచు నాటకమునకు, గొప్ప ఆదరముండెను. అందు వీరనాయకుని పాత్ర తరచుగా టెనరుది కాదు. బాల్యముననే శస్త్రముచే పుంస్త్వము పోగొట్టబడి, స్త్రీల స్థాయిలో పాడు గాయకునిది. శ్రోతల కర్ణసుఖమునకై పసివారి దేహములను బలిపెట్టిన ఆచారమది! 1735లో హాండెలు ప్రదర్శించిన 'అరియోదాంతే'లో నాయకపాత్ర కరెస్తీని యను అట్టి గాయకునికి దక్కెను. ఇంచుమించు ఇరువదియేండ్ల బియర్డునకు నాయకుని సోదరుని పాత్రతో తృప్తిపడవలసి వచ్చెను.

వేషములును రంగాభినయమును లేక, బైబిలు కథలను ఇంగ్లీషున పాడి వినిపించు ఒరటోరియో వేరూనిన పిదప ఈ క్రమము మారెను. 1743లో 'శాంసను', 1747లో 'జూడాసు మక్కబీయసు', 1752లో 'జెఫ్తా' వెలువడెను. మూటియందును నాయకుడు టెనరే, పాడినవాడు బియర్డే. కథ శ్రోతల మాతృభాషలో నడచుటచే, భావమెరిగి పదమును స్పష్టముగ పలుకగలవాడు కావలసి వచ్చెను.

సంగీత చరిత్రకారుడగు చార్లెసు బర్నీ ఇతనిని థామసు లో అను మరియొక టెనరుతో పోల్చెను. తాను వినిన టెనరు కంఠములలో లో కంఠమే ఉత్తమమట. కాని శ్రద్ధాభ్యాసములు లేమిచే అతనికి పెద్ద పాత్ర నొప్పగింప వీలులేకపోయెనట. కంఠమున తక్కువవాడయ్యును బియర్డు సత్ప్రవర్తనముచేతను, సంగీతజ్ఞానముచేతను, నటనయందలి బుద్ధికుశలతచేతను ప్రజాదరమును నిలుపుకొనెను. బాల్యమున రాజప్రార్థనాలయపు గాయకబృందమున బెర్నార్డు గేట్సుకడ పొందిన శిక్షణయే ఇందులకు మూలమని మా యభిప్రాయము. అతని కంఠము నేడు వినుటకు లేదు. అయినను అతనికై హాండెలు వ్రాసిన పాటలను చూడుడు: ఒకచోట యుద్ధోత్సాహముతో పరుగిడు స్వరములు, మరియొకచోట కూతును బలియీయవలసిన తండ్రి వేదనను మెల్లగా మోయు దీర్ఘస్వరములు. ఈ రెంటిని నమ్మి ఒకనికే అప్పగించుటకన్న గొప్ప యోగ్యతాపత్రము వేరుండునా?

అట్టివానిని సంఘమెట్లు చూచెను? 1739లో అతడు ప్రభువంశీయురాలగు హెన్రియెట్టా హెర్బర్టు అను వితంతువును పెండ్లాడెను. ఆక్షేపణ ఆమె పునర్వివాహమునకు గాదు, గాయకుని వరించుటకు! విదుషీమణిగా పేరొందిన లేడీ మేరీ మాంటెగు సైతము తన లేఖలో ఆ వివాహమును పరిహసించెను. 1753లో ఆమె మరణించువరకు ఆ దాంపత్యము నిలిచెను.

'జెఫ్తా' రచించుచుండగనే, 1751లో, హాండెలు చూపు మందగించెను. అటుపిమ్మట అంధుడైన శాంసను శోకగీతమును బియర్డు పాడుచుండ, చూపు కోల్పోయిన హాండెలు ప్రక్కనే కూర్చుండుట గాంచి శ్రోతలు కన్నీరు విడిచిరని వ్రాసియున్నారు. కడకు వినికిడి తగ్గుటచే బియర్డు 1767లో రంగస్థలమును విడిచెను, 1791లో మరణించెను.

పాటకు కన్నీరు విడిచి, పాడినవానిని పంక్తికి దూరముంచు సంఘము కళను ప్రేమించినట్లు కాదు. కంఠము ప్రకృతి యిచ్చునది. సంస్కారము మానవుడు ఆర్జించునది. మన బిడ్డలకు సంగీతము నేర్పించునపుడు ఈ రెండవదానినే ముందుగా కోరుదము.