నాలుక కింద చూసే చేతులు

బిడ్డ కేరుమనగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు. నర్సు మాత్రం నోరు చూస్తుంది. బెంగళూరు కోట దగ్గరి వాణి విలాస ఆసుపత్రిలో 1935 నుంచీ పురుళ్లు పోస్తున్నారు. అలాంటి వార్డుల్లో రాత్రింబవళ్లు పనిచేసే నర్సులంటే నాకెంతో గౌరవం.

నర్సు గ్లవ్స్ వేసుకున్న చిటికెన వేలితో అంగిలి తడుముతుంది, నాలుక పైకెత్తి చూస్తుంది. ఎప్పుడో అరుదుగా అక్కడ నీలిరంగు నీటిబుడగలాంటి వాపు కనిపిస్తుంది. లాలాజలం బయటికి దారిలేక నిలిచిపోతే వచ్చేది రాన్యులా. సరిగ్గా మధ్యలో, ముద్దలా తగిలితే డెర్మాయిడ్ తిత్తి అని అనుమానిస్తారు. చిన్న రాన్యులా కొన్నిసార్లు తనంతట తనే తగ్గిపోతుంది. పెద్దదైతే ఆపరేషనే. సూదితో నీరు లాగేస్తే ఉపశమనమే గానీ, చాలాసార్లు మళ్లీ నిండుతుంది.

ఆపరేషన్ దాకా బిడ్డను కాపాడేది నర్సే. తిత్తి నాలుకను వెనక్కి నెడితే శ్వాస అడ్డుపడుతుంది. అందుకే పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటోందా అని కనిపెట్టుకుని ఉంటుంది. రొమ్ము పట్టలేని బిడ్డకు, డాక్టరు సరేనంటే, తల్లి పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పడుతుంది. తల కాస్త ఎత్తి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, కొంచెం వంచుతుంది. గుటక పడిందాకా ఆగుతుంది. ఆ ఓపికే అసలు పనితనం.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి మరీ మరీ చెబుతుంది: “పెదాలు నీలంగా మారినా, ఊపిరిలో గురక వినిపించినా, తెల్లారనివ్వకుండా తీసుకొచ్చేయమ్మా.”