మాట దెబ్బకు మందు

పాలకుర్తి అనగానే చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. కౌలు భూమిలోని పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి. భూమి గొడవ కాగితాలకెక్కుతుంది. కానీ కులం పేరుతో పడ్డ మాట చాలాసార్లు ఎక్కడా నమోదు కాదు, మనసులోనే సలుపుతుంది. ఆ సలుపు తీర్చేవాళ్లే థెరపిస్టులు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కులవివక్షపై చర్చ రేపిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత థెరపిస్టుల పని విలువ చాలామందికి తెలిసొచ్చింది.

రిజర్వేషన్ సీటని తోటివాళ్లు ఎగతాళి చేశారని హాస్టల్ కుర్రాడు చెబితే, మంచి థెరపిస్టు "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావేమో" అనరు. "జరిగింది అవమానమే, నీ తప్పేం లేదు నాయనా" అంటారు. గుండె దడదడలాడితే పాదాలు నేలకు ఆనించి, మెల్లగా ఊపిరి వదలమంటారు. నిద్ర, తిండి, చదువు ఎలా ఉన్నాయో ఓపిగ్గా ఆరా తీస్తారు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది అతనికే వదిలేస్తారు. చేస్తానంటే వెన్నంటి ఉంటారు.

వివక్ష పసిమనసుల్ని ఎలా గాయపరుస్తుందో అమెరికాలో మనస్తత్వవేత్తలైన కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్ల, తెల్ల బొమ్మలతో చూపించారు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కులవివక్ష లేని వైద్యాన్ని హక్కుగా గుర్తించింది.

కుంగిపోతున్నవారు ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.