చిట్టి ఇల్లు ఎక్కడ నుండెను?

లారా ఇంగల్స్ వైల్డరు అను అమెరికా రచయిత్రి 1935లో ప్రకటించిన "లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ" పిల్లల కొరకు వ్రాయబడిన పుస్తకము. ఒక కుటుంబము విస్కాన్సిన్ అడవులను విడిచి, గుడారపు బండిలో పయనించి, కాన్సస్ గడ్డి మైదానములో దుంగలతో ఇల్లు కట్టుకొని, కొంతకాలము కాపురముండి, మరల బండి యెక్కి వెడలిపోవుటయే ఇందలి కథ. దీనిని కథగా చదివి మెచ్చినవారు లక్షల సంఖ్యలో గలరు. ఆ మెప్పును మనము కాదనము. కాని విజ్ఞానశాస్త్రము చదువుకొన్న పాఠకుడు ఈ పుస్తకమును మరియొక ప్రశ్న అడుగవచ్చును. పాత ఇంటి జాడను నేలలో వెదుకబోవు వానికి ఇది సాక్ష్యముగా ఎంతవరకు పనికివచ్చును?

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. తాతముత్తాతలు కాపురమున్న పాత పొలములకు మెటల్ డిటెక్టరు అను లోహశోధినిని తీసికొనిపోయి, నాణెములను, గుండీలను వెదకుట అమెరికాలో చాలమందికి వేడుక. అట్టివారి కొరకు వెలువడు చేపుస్తకములు తరచుగా ఒక మంచి సలహా నిచ్చును: ముందు కాగితములు చూడుము, పిదప నేల నడువుము, ఆ తరువాతనే యంత్రమును చేతబట్టుము. అయితే కాగితములకు ముందే ప్రతి కుటుంబములోను ఒక కథ యుండును. "మన పాత ఇల్లు ఫలానా వాగు దగ్గర, పట్టణమునకు ఇంత దూరములో" అని అవ్వ చెప్పినదే మొదటి పటము. వైల్డరు పుస్తకము అట్టి కుటుంబ కథలన్నింటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దానిని పరీక్షించుట యనగా ఇంటింటి కథను పరీక్షించుటయే.

మొదట దూరము సంగతి చూతము. ఇల్లు ఇండిపెండెన్స్ పట్టణమునకు 40 మైళ్ల దూరమున నుండెనని పుస్తకము చెప్పుచున్నది. ఆ పట్టణమునుండి దక్షిణముగా 40 మైళ్లు పోయినచో కాన్సస్ సరిహద్దు దాటి ఓక్లహోమాలో కాలుపెట్టుదుము. రచయిత్రియు, ఆమె కుమార్తెయు నిజముగనే ఓక్లహోమాకు పోయి వెదకి, చోటు కానక తిరిగివచ్చిరి. తన బాల్యగృహమును తానే కనుగొనలేకపోవుట చూచి మనము ఆశ్చర్యపడనక్కరలేదు. లారా 1867 ఫిబ్రవరిలో జన్మించినది. ఆ కుటుంబము కాన్సస్‌లో నున్నది 1869 నుండి 1871 వరకు. నాలుగేండ్లు నిండని శిశువునకు మైళ్ల లెక్క యెక్కడిది? పుస్తకములోని లారా ఇంతకంటె పెద్దది. అన్నియు చూచి గుర్తుంచుకొనగల వయస్సు ఆమెకు కల్పింపబడినది. అనగా ఇందులో చాలభాగము కన్నది కాదు, తండ్రి నోట విన్నది.

మరి చోటు ఎట్లు తెలిసినది? యంత్రము వలన కాదు, జనాభా పట్టిక వలన. 1870 ఆగస్టులో కాన్సస్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ, రట్లండ్ టౌన్‌షిప్‌లో ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాసికొన్న ఉద్యోగి ఈ కుటుంబమును గూడ నమోదు చేసెను. ఇంటిపేరు వర్ణక్రమము తప్పుగా పడినది గాని, మనుష్యులు వారే. అందులో ఒక పసికందు గూడ నున్నది. ఆమె లారా చెల్లెలు క్యారీ. 1870 ఆగస్టు 3న ఆ కౌంటీలోనే జన్మించినట్లు కుటుంబపు బైబిలు గ్రంథములో వ్రాసియున్నది. పుస్తకములోనో, క్యారీ విస్కాన్సిన్ నుండియే తల్లి ఒడిలో బండి యెక్కి వచ్చుచున్నది. రెండు వ్రాతలు ఒకదానినొకటి బలపరచుచుండగా, అరువదియేండ్ల తరువాత వ్రాసిన కథ వాటికి ఎదురుగా నిలువజాలదు.

పట్టికలో ఇంటి చిరునామా యుండదు. కాని ఉద్యోగి తాను నడచిన క్రమములో ఇండ్లకు సంఖ్యలు వేసెను గనుక, వరుసలో ముందువెనుకల నున్నవారు ఇరుగుపొరుగువారని ఊహింపవచ్చును. ఆ పొరుగువారిలో కొందరు తరువాత భూమి కొని దస్తావేజులు పొందిరి. అమెరికా భూమి కొలతలో టౌన్‌షిప్ ఆరుమైళ్ల చదరము. అందు 36 సెక్షనులు. ఒక్కొక్క సెక్షను 640 ఎకరములు. దాని నాలుగవ భాగము 160 ఎకరములు. దస్తావేజులో సెక్షను సంఖ్య యుండును. ఇరువైపులవారి తావులు పటముమీద గుర్తించినచో, నడుమ మిగిలినది వెదకుచున్నవారి తావు. ఈ విధముగా తేలిన చోటు ఇండిపెండెన్స్‌కు సుమారు 13 మైళ్ల దూరమున, అనగా 21 కిలోమీటర్ల దూరమున గలదు. జ్యామితిలో తెలిసిన బిందువులనుండి తెలియని బిందువును సాధించుట మన విద్యార్థులకు కొత్త కాదు. ఇది ఆ పనియే.

ఇచ్చట మరియొక చిక్కు గలదు. హోమ్‌స్టెడ్ అనగా 1862 నాటి చట్టము ప్రకారము, 160 ఎకరముల ప్రభుత్వ భూమిపై అయిదేండ్లు నివసించి, సేద్యము చేసి, పట్టా పొందు పద్ధతి. అట్టి పట్టాల రికార్డులు నేడును భద్రముగా నున్నవి. లారా తండ్రి 1880లో డకోటా ప్రాంతమున దరఖాస్తు పెట్టిన భూమికి కాగితములు గలవు. కాన్సస్ ఇంటికి మాత్రము పట్టా లేదు. కారణమేమనగా, ఆ నేల ప్రభుత్వము పంచిపెట్టుటకు తెరచినది కాదు. అది ఓసేజి జాతివారి రిజర్వు భూమి. భూమి వారిదనియు, కాపురమున్నవారికి హక్కు లేదనియు 1870 పట్టికలోనే వ్రాయబడినది. కనుక పట్టాల పుస్తకము మాత్రమే చూచినవాడు అక్కడ ఇల్లే లేదనుకొనును. కథను మాత్రమే చదివినవాడు అది ఆ కుటుంబపు హక్కుభూమి యనుకొనును. ఇద్దరును పొరబడుదురు.

ఇంతవరకు దోషములు చెప్పితిమి. గుణములు చెప్పకున్న విమర్శ కాదు. అంకెలలో తప్పిన ఈ పుస్తకము పనులను వర్ణించుటలో ఆశ్చర్యకరమైన నిష్ఠ చూపును. బావి త్రవ్వు ఘట్టమునే తీసికొనుడు. తండ్రి ప్రతిదినము ఉదయమున వెలుగుచున్న క్రొవ్వొత్తిని బావిలోనికి దింపి, అది ఆరకుండ నున్నప్పుడే తాను దిగును. పొరుగువాడు స్కాటు ఒకనాడు అది అనవసరమని మానివేసి, దిగి, స్పృహ తప్పి పడిపోవును. లోతైన గోతులలో బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది గనుక అడుగున చేరును. ప్రాణవాయువు పాలు తగ్గును. గాలిలో సుమారు 21 శాతముగా నుండవలసిన ప్రాణవాయువు 16 శాతము దరిదాపులకు దిగినచో క్రొవ్వొత్తి ఆరును. మనుష్యుడు తెలివితప్పుటకు అంతకంటె తగ్గవలెను. ఆ నడిమి అంతరమే ప్రాణరక్షణ. (మండెడు వాయువున్నచోట ఈ దీపమే ప్రమాదము, నేడు వాయుమాపకములనే వాడవలెను.) పాఠ్యపుస్తకము పది వాక్యములలో చెప్పలేని దానిని ఈ కథ బాలుని మనస్సులో నాటును.

జ్వరము ఘట్టము గూడ నిట్టిదే. కుటుంబమంతయు చలిజ్వరముతో పడియుండగా, పుచ్చకాయలు తినుటయే కారణమని పొరుగామె చెప్పును. దోమల వలన వచ్చు మలేరియా యని అప్పుడు ఎవరును ఎరుగరని రచయిత్రి తెలుపును. నిజమే. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ గుర్తించినది 1897లో, మన సికింద్రాబాదులో. జ్వరమునకు మందిచ్చిన నల్లజాతి వైద్యుడు డాక్టరు టాన్ కల్పితపాత్ర కాడు. జార్జి టాన్ అను ఆ వైద్యుడు అక్కడ నివసించినవాడే, ఆయన సమాధి ఇండిపెండెన్స్‌లో గలదు. పని ఎట్లు చేసితిమి, ఎవరు ఆదుకొనిరి అనునవి కుటుంబ కథలో నిలుచును. ఎంత దూరము, ఏ సంవత్సరము అనునవి జారిపోవును. కథ చదువువాడు గ్రహింపవలసిన మొదటి సూత్రమిది.

ఇక లోహశోధిని మాట. దాని చక్రములోని తీగచుట్టలో మారుచుండు విద్యుత్తు ప్రవహించి, మారుచుండు అయస్కాంత క్షేత్రమును కలిగించును. ఆ క్షేత్రములో లోహపు ముక్క యున్నచో అందు సుడివిద్యుత్తు పుట్టి, తిరిగి తన క్షేత్రమును పంపును. దానిని రెండవ తీగచుట్ట గ్రహించగా యంత్రము మ్రోగును. నాణెమంత వస్తువు సాధారణముగా జానెడు లోతున నున్నప్పుడే వినబడును.

ఈ యంత్రముతో పుస్తకములోని ఇంటిని వెదకినామనుకొందము. గోడలు దుంగలు. తలుపు కొయ్యచీలలతో బిగించినది. దాని కీలు తోలుపట్టెలు. పిల్లలు ఇండియనుల విడిదిలో ఏరుకొన్న పూసలు గాజువి. బావి వట్టి గొయ్యి. వీనిలో ఒకటియు యంత్రమునకు వినబడదు! వినబడునవి, ఎడ్వర్డ్స్ అను పొరుగువాడు అప్పిచ్చిన పైకప్పు మేకులు, ఒకవేళ తుప్పు తినక మిగిలినచో పండుగనాటి రేకు గ్లాసు, పిల్లలకిచ్చిన ఒక సెంటు నాణెము. కాని ఆ కుటుంబము వెడలిన తరువాత అదే నేలను ఎందరో దున్నిరి, ఎన్నియో పారవేసికొనిరి. దొరకిన మేకు ఎవరిది? రేకునుండి కత్తిరించిన నలుపలకల మేకైనచో పాతది కావచ్చును. గుండ్రని తీగమేకులు అమెరికాలో వానిని మించి వాడుకకు వచ్చినది 1890 తరువాతనే. 1868 ముద్రగల నాణెము దొరకినచో, అది 1868 తరువాత ఎప్పుడో పడినదని మాత్రమే ఋజువగును. ఆ చోట చేతితో త్రవ్విన పాత బావి యొకటి గలదు. ఇంగల్స్ బావి అదే యని చూపుదురు. సంభవమే. కాని బావి తన యజమాని పేరు చెప్పదు. ఆ పేరు కాగితములు చెప్పవలెను.

ఈ పుస్తకమునందలి పెద్ద దోషము దూరము కాదు, వయస్సు కాదు. అది కథ ముగింపు. ప్రభుత్వము సైనికులను పంపి తమను వెళ్లగొట్టబోవుచున్నదని విని, తండ్రి కోపముతో ఇల్లు విడిచినట్లు రచయిత్రి వ్రాసినది. చరిత్ర ఇందుకు విరుద్ధముగా నున్నది. 1870 జూలై 15 నాటి చట్టము ఓసేజివారి భూములను, ఎకరమునకు ఒకటింబావు డాలరు చొప్పున, అక్కడ చేరినవారికే అమ్మునట్లు ఏర్పాటు చేసెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఓసేజివారు సమ్మతించి, నేటి ఓక్లహోమాకు తరలిపోయిరి. వెళ్లగొట్టబడినది వచ్చినవారు కాదు, ఉన్నవారు. ఇంగల్స్ కుటుంబము మరలిపోవుటకు, విస్కాన్సిన్‌లోని వారి ఇంటిని కొన్నవాడు సొమ్ము చెల్లింపలేకపోవుటయే కారణమని జీవితచరిత్రకారులు చెప్పుదురు.

అంతేకాదు. తెల్లవారికి మేలు చేసిన ఓసేజి నాయకుడని పుస్తకము చెప్పు "సోల్దా ద్యు షేన్" పేరును వైల్డరు 1933లో ఉత్తరములు వ్రాసి తెప్పించుకొన్నది. ఆ పేరుగల నాయకుని చిత్తరువు 19వ శతాబ్ది తొలినాళ్లది. 1870లో అట్టి నాయకుడు ఉండెననుటకు చరిత్రకారులకు ఆధారము దొరకలేదు. మొదటి ముద్రణలో, ఆ దేశమున మనుష్యులు లేరు, ఇండియనులు మాత్రమే గలరు అను భావముగల వాక్యముండెను. 1952లో ఒక పాఠకురాలు ఆక్షేపింపగా, ప్రకాశకులు 1953లో దానిని సవరించిరి. ఒక మాట మార్చినంతనే చూపు మారదు. ఇల్లు కట్టినవారి కంటితో మాత్రమే చూచు కథలో, నేల గలవారు అడవిమృగముల వరుసలో నిలిచిపోవుదురు. కుటుంబ కథను నమ్మి పాతఇంటి నేల త్రవ్వువాడు గూడ ఈ తప్పునే చేయును: తన తాత వచ్చిన దినముననే ఆ నేల పుట్టినదనుకొనును.

యంత్రమునకు మనము శత్రువులము కాము. 1983లో మంటవలన గడ్డి కాలిపోయిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో, 1984, 1985 సంవత్సరములలో పురాతత్త్వవేత్తలు లోహశోధినులనే వాడిరి. కాని యంత్రము మ్రోగినచోటనెల్ల జెండా పాతి, దొరకిన ప్రతి గుండు తావును పటములో గుర్తించి, పిదపనే పైకి తీసిరి. తావు తెలిసిన గుండు వలన సైనికుల, ఇండియనుల కదలికలు బోధపడినవి. జేబులో వేసికొనిపోయిన గుండు వలన ఏమియు బోధపడదు. అందుచేతనే అమెరికా ఫెడరల్ భూములలో నూరేండ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేక త్రవ్వుట 1979 చట్టము నేరమనుచున్నది. సొంతదారుల నేలకు సొంతదారు అనుమతి తప్పదు.

ఉపాధ్యాయులు ఈ పుస్తకమును తరగతిలో నిస్సంశయముగా చదివింపవచ్చును. ప్రక్కన 1870 పట్టికను, ఒక పటమును గూడ ఉంచవలెను. మన గ్రామ కైఫియత్తులను చరిత్రకారులు శాసనములతో సరిచూచునట్లు, విద్యార్థులు తమ ఇంటి పెద్దలు చెప్పిన ఒక కథను వ్రాసికొని, అందలి అంకెలను ఒక వరుసలో, పనులను రెండవ వరుసలో, కథలో పేరు లేనివారిని మూడవ వరుసలో చేర్చి, ఒక్కొక్క దానికి ఆధారము వెదకవలెను. ఆ మూడవ వరుసను నింపుట అన్నింటికంటె కష్టము. వైల్డరు పుస్తకము మొదటి వరుసలో తప్పినది, రెండవ వరుసలో నెగ్గినది, మూడవ వరుసను ఖాళీగా విడిచినది. దానిని ప్రేమించు పాఠకుడే ఆ ఖాళీని పూరింపవలసియున్నాడు.